మానై వంగిన కుర్చీ

మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు ఏనాడో తేల్చేశారు. కొడుకు మాట వినకపోతే తండ్రి, కోడలు లొంగకపోతే అత్తగారు, గుమాస్తా దారికి రాకపోతే యజమాని అందరూ ఈ సామెతనే ఆశ్రయిస్తారు. దానికి ఎదురుచెప్పి నెగ్గిన మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. ఆయన పండితుడు కాడు, సంఘసంస్కర్తా కాడు. వడ్రంగి. ఇప్పటి జర్మనీలో, రైన్ నది ఒడ్డున, బొప్పార్డ్ అనే చిన్న ఊళ్లో 1796లో పుట్టాడు. పేరు మైకేల్ తోనెట్. తండ్రి తోళ్లు పదును పెట్టేవాడు. తోలు వంగినట్టు కర్ర ఎందుకు వంగదు అని కొడుక్కి అనుమానం వచ్చింది కాబోలు, జన్మంతా ఆ పని మీదే గడిపాడు.

చివరికి మాను వంచాడు. వంచిన మానుతో కుర్చీ చేశాడు. ఆ కుర్చీ ఓడలెక్కి ఖండాలు దాటింది. మీరు పాత ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఒక నల్లని కర్ర కుర్చీలో కూచుని ఉంటే, వీపు దగ్గర గుండ్రంగా వంపు తిరిగిన కర్ర మీ చేతికి తగిలి ఉంటే, ఆ కుర్చీ వంశానికి మూలపురుషుడు ఈయనే.

రాజుల చరిత్రలు చాలా చదువుకున్నాం. వాళ్ల సింహాసనాలకు ఎన్ని మణులు పొదిగారో కూడా బట్టీపట్టాం. మనం రోజూ కూచునే కుర్చీ ఎక్కణ్ణించి వచ్చింది, ఎట్లా వచ్చింది, ఎవరి చెమట మీద వచ్చింది అనేది మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు. అంచేత ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

ముందు మన సంగతి. మన పల్లెల్లో ఇంట్లోకి కర్ర సామాను కావాలంటే దుకాణానికి వెళ్లే వాళ్లం కాదు. అసలు దుకాణమంటూ ఉండేది కాదు. పెరట్లో పడిపోయిన చెట్టో, అడితిలో కొన్న దుంగో ఉండేది. వడ్రంగి బాడిత, ఉలి, చిత్రిక సంచిలో వేసుకుని ఇంటికే వచ్చేవాడు. అరుగు మీద నాలుగు రోజులు రంపపు పొట్టు ఎగిరేది. అయిదో రోజుకి మంచమో పీటో తయారు. ఊరి వడ్రంగికి నాగలి పనికి కళ్లంలో మేర కొలిచేవారు, ఇంటి పనికి వేరే ముట్టజెప్పేవారు. మంచం కోడు ఊగితే మళ్లీ ఆయనే వచ్చి, చిన్న కర్ర చీలిక కొట్టి సరిచేసేవాడు. వస్తువు పుట్టిన చోటు, బతికిన చోటు, పోయిన చోటు అన్నీ ఒకటే. దానికి ప్రయాణం లేదు.

ప్రయాణం పెట్టుకుంటేనే వస్తుంది చిక్కంతా. ఆ చిక్కు ఏమిటో నాకు ఒక లారీ ఆఫీసు గుమాస్తా నేర్పాడు. చాలా ఏళ్ల కిందట ఉద్యోగం బదిలీ అయి రాజమండ్రి నుంచి హైదరాబాదుకి సామాను వేశాం. మా తాతగారి నాటి టేకు బీరువా ఒకటి ఉంది. బియ్యం బస్తాలకు చెప్పిన కిరాయికీ దీనికి చెప్పిన కిరాయికీ పొంతన లేదు. "ఇదేం లెక్కయ్యా, బస్తాలే కదా బరువు!" అన్నాను. ఆయన చెవి మీద పెన్సిల్ సర్దుకుని, "బరువుతో పని లేదండి బాబుగారూ, చోటు సంగతండి. మీ బీరువా నిండా గాలుందండి. ఆ గాలికి కూడా మా లారీలో టిక్కెట్టేనండి" అన్నాడు.

నేను నోరు వెళ్లబెట్టాను గాని, మా ఆవిడ వెంటనే అందుకుంది. "టిక్కెట్టు కొన్నాక గాలి మాత్రం ఎందుకు, మనుషులెక్కాల్సిన చోట?" అని ఇత్తడి బిందెలు, దుప్పట్లు, గుడ్డలు చుట్టిన ఆవకాయ జాడీలు అన్నీ ఆ బీరువాలో దట్టించింది. ఆ రోజు లారీ ఆఫీసులో వాళ్లిద్దరూ మాట్లాడుకున్న రెండు ముక్కలే కర్ర సామాను వ్యాపార రహస్యమంతాను. కుర్చీలో కర్ర తక్కువ, గాలి ఎక్కువ. బల్ల కింద ఉన్నదంతా గాలే. దూరదేశాలకు సరుకు పంపే వర్తకుడు కర్రకి ఎంత కిరాయి కడతాడో గాలికి అంతకు ఎన్నో రెట్లు కడతాడు. ఆ గాలిని దింపేసినవాడు లోకాన్ని గెలిచాడు. అట్లా గెలిచిన మొదటివాడు మన తోనెట్.

తోనెట్ 1819లో సొంత ఊళ్లో వడ్రంగి దుకాణం పెట్టాడు. 1830ల నుంచి కర్ర వంచే ప్రయోగాలు మొదలెట్టాడు. పద్ధతి ఇది: చెక్కను పల్చటి బద్దలుగా కోసి, వేడి జిగురులో ఉడకబెట్టి, కట్టగా చేర్చి, అచ్చులో వంచి ఆరబెట్టడం. కుర్చీలు అందంగా వచ్చాయి, తేలిగ్గానూ వచ్చాయి. కాని అందం వేరు, అప్పు వేరు. ఈ పద్ధతి మీద హక్కు కోసం ఆయన దేశదేశాల్లో ప్రయత్నించి చేతి డబ్బు, చేబదులు డబ్బు రెండూ పోగొట్టుకున్నాడు.

1841లో కోబ్లెంజ్ అనే ఊళ్లో ప్రదర్శన జరిగింది. ఆస్ట్రియా సామ్రాజ్యాన్ని నడిపిస్తున్న మెటర్నిక్ ప్రభువు స్వస్థలం అది. తోనెట్ కుర్చీలు ఆయన కంటపడ్డాయి. ఈ పల్లెలో ఉంటే నీకు ఎదుగుదల లేదు, వియన్నా రమ్మన్నాడు. వెళ్లాడు. 1842 జులైలో వియన్నాలో రాజముద్రతో హక్కు పత్రం చేతికొచ్చింది. ఇక్కడ హక్కు వస్తే అక్కడ ఊళ్లో అప్పులవాళ్లు ఇల్లూ సామానూ జప్తు చేశారు. నలభయ్యారేళ్ల వయసులో, పెళ్లాం పిల్లలతో, పరాయి ఊళ్లో, పరాయి వాళ్ల కింద కూలికి చేరాడు. లిక్టెన్‌స్టైన్ ప్రభువుల భవనానికి నేల మీద చెక్క పరిచే పని, కుర్చీల పని చేశాడు. మళ్లీ సొంత దుకాణం పెట్టడానికి 1849 దాకా పట్టింది. ఆ తర్వాత వియన్నాలో డౌమ్ అనే కాఫీ హోటలు వాళ్లు కుర్చీలు చేయించుకున్నారు. 1851లో లండన్ మహాప్రదర్శనలో కంచు పతకం వచ్చింది. 1853లో దుకాణం అయిదుగురు కొడుకుల పేర పెట్టి 'తోనెట్ సోదరులు' అని బోర్డు కట్టించాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని జిగురుకి నీరంటే గిట్టదు. ఓడ ప్రయాణంలో చెమ్మ తగిలితే, ఉక్కపోసే దేశాలకు వెళ్తే, అంటించిన బద్దలు విడిపోయేవి. మనలాంటి దేశాల వాతావరణం ఆ కుర్చీకి పరీక్ష పెట్టిందన్నమాట. అంచేత జిగురు లేకుండా నిండు కర్రనే వంచాలని తోనెట్ పట్టుబట్టాడు.

అక్కడే ఉంది అసలు కిటుకు. కర్రను వంచితే లోపలి వైపు కుదించుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. ఆవిరి పట్టిన కర్ర కుదించుకోమంటే బాగా కుదించుకుంటుంది, సాగమంటే మాత్రం మొరాయించి పుటుక్కున విరుగుతుంది. తోనెట్ ఏం చేశాడంటే, బయటి వైపున ఇనప బద్ద ఒకటి వేసి రెండు కొసలా బిగించేశాడు. ఇక సాగడానికి వీల్లేదు. కర్ర మొత్తం కుదించుకోవాల్సిందే. పెళుసు కర్ర కూడా పాము చుట్టలా తిరిగింది. 1856లో దీని మీద కూడా హక్కు దొరికింది. మాను వంగలేదంటే తప్పు మానుది కాదు, వంచే పద్ధతిది అని రుజువైంది. పిల్లలున్న తండ్రులు కాస్త గమనించాలి.

ఇప్పుడు వ్యాపారం సంగతికొద్దాం. తోనెట్ చేసిన పెద్ద పని ఇంకొకటి. పట్నంలో కార్ఖానా పెట్టి అడివి నుంచి దుంగలు తెప్పించుకోవడం మానేసి, కార్ఖానానే అడివి దగ్గరికి తీసుకుపోయాడు. దుంగలో సగం తొక్కా తరుగూ పోతుంది, ఆ చెత్తకి బండి కిరాయి ఎందుకు దండగ? ఇప్పటి చెక్ దేశంలో మొరేవియా అనే ప్రాంతం ఉంది. అక్కడ బీచ్ అనే చెట్ల అడవులు దండిగా ఉండేవి. ఆ కర్ర ఆవిరి పడితే చక్కగా వంగుతుంది. అప్పట్లో దాన్ని ఎక్కువగా పొయ్యిలోకే వాడేవారు, అంచేత చౌక. కోరిచానీ అనే పల్లెలో 1850ల చివర కార్ఖానా లేచింది. కొద్ది ఏళ్లలో బిస్త్రిత్సేలో రెండోది, ఆ తర్వాత హంగరీ వైపు ఇంకోటి. అడివి ఎక్కడుంటే కార్ఖానా అక్కడ. ఆ అడివి పల్చబడితే మరో అడివి. 1880 ప్రాంతంలో రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న పోలండులో రదొమ్‌స్కో అనే ఊళ్లో ఒకటి పెట్టారు. సరిహద్దు దాటిస్తే సుంకం, అక్కడే చేస్తే సుంకం లేదు. ఈ రదొమ్‌స్కో పేరు కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పనివాళ్లెవరు? చేయి తిరిగిన వడ్రంగులు కారు. చుట్టుపక్కల పల్లెల రైతుకూలీలు. పనిని ముక్కలు ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క అప్పగించారు. ఆవిరి గదిలోంచి కర్ర తీసి, చల్లారేలోపల ఇనప అచ్చుకి చుట్టడం మగవాళ్ల పని. ఇద్దరు మనుషులు, చేతులు కాలే వేడి, కొద్ది నిమిషాల గడువు. నునుపు చేయడం, మెరుగు పెట్టడం, కూచునే చోట పేము అల్లడం ఆడవాళ్ల పని. ఆ పేము ఎక్కడిదనుకున్నారు? యూరప్‌లో పేము మొలవదు. మన తూర్పు సముద్రం అవతలి దీవుల నుంచి ఓడల్లో వచ్చేది. మొరేవియా కర్ర, తూర్పు దీవుల పేము, వియన్నా పేరు. కుర్చీ ఒకటే, చిరునామాలు మూడు.

ఈ కార్ఖానాల్లో 1859లో పుట్టింది పద్నాలుగో నంబరు కుర్చీ. దానికి ముద్దుపేర్లు లేవు, నంబరే పేరు. బొమ్మలు వేసిన జాబితా చూసి కావలసిన నంబరు రాసి పంపితే సరుకు వచ్చేది. పద్నాలుగో నంబరులో ఉన్నవి ఆరు కర్ర ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. అంతే. జిగురు లేదు గనక విడదీయొచ్చు. విడదీస్తే గాలి పోతుంది. ఒక మీటరు పొడుగు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న పెట్టెలో ముప్ఫయ్యారు కుర్చీలు పట్టేవి! నిలబెట్టి పేర్చితే ఆ చోటులో మూడో నాలుగో పడతాయేమో. పెట్టె రైలెక్కి రేవుకి, రేవులో ఓడెక్కి అవతలి ఒడ్డుకి. అక్కడ హోటలువాడు స్క్రూడ్రైవరు పట్టుకుని బిగించుకోవడమే. లారీ గుమాస్తాకి నేను కట్టిన గాలి టిక్కెట్టు తోనెట్ వందేళ్ల ముందే ఎగ్గొట్టాడు.

1867లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. 1869లో హక్కు గడువు తీరిపోయి పోటీదారులు పుట్టుకొచ్చారు. 1871లో తోనెట్ వియన్నాలో కన్నుమూశాడు. కుర్చీ మాత్రం ఆగలేదు. 1930 నాటికి ఒక్క పద్నాలుగో నంబరే అయిదు కోట్లు తయారైందని లెక్క. తర్వాత రెండో ప్రపంచయుద్ధం, దాని వెంట కొత్త ప్రభుత్వాలు. చెకొస్లొవేకియాలో, పోలండులో ఉన్న కార్ఖానాలు సర్కారు పరమయ్యాయి. యజమానులు మారారు, బోర్డులు మారాయి. ఆవిరి గదులూ ఇనప అచ్చులూ మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఇక్కడ కథ స్వీడన్ వెళ్తుంది.

స్వీడన్‌లో స్మోలాండ్ అని ఒక ప్రాంతం. నేలంతా రాళ్లు, మనుషులంతా పొదుపరులు అని ఆ దేశంలో ప్రతీతి. అక్కడ 1926లో ఇంగ్వార్ కాంప్రాద్ పుట్టాడు. చిన్నతనంలోనే అగ్గిపెట్టెలు టోకున కొని ఇంటింటికీ చిల్లరగా అమ్మాడు. 1943లో పదిహేడేళ్ల వయసులో కంపెనీ పెట్టాడు. తన పేరులో రెండక్షరాలు, తమ పొలం పేరులో ఒకటి, ఊరి పేరులో ఒకటి కలిపి ఐకియా అన్నాడు. మొదట్లో కలాలు, పర్సులు, ఇట్లాంటి చిల్లర సరుకు. 1948లో కర్ర సామాను చేర్చాడు. 1951లో బొమ్మల జాబితా అచ్చువేసి ఇళ్లకు పంపాడు. జాబితాలో బొమ్మ చూసి డబ్బు పంపడానికి జనం జంకుతున్నారని 1953లో ఎల్మ్‌హుల్ట్ అనే ఊళ్లో సరుకు కళ్లారా చూసుకోవడానికి ప్రదర్శనశాల తెరిచాడు.

ధరలు తక్కువ. తోటి వర్తకులు ఊరుకుంటారా? వాళ్ల సంఘం కట్టుబాటు చేసింది. ఇతనికి సరుకు ఇస్తే మేము మీ దగ్గర కొనం అని తయారీదారులను బెదిరించారు. ప్రదర్శనల్లో చోటు ఇవ్వనీయలేదు. మన ఊళ్లలో వెలివేయడం లాంటిదే. వెలివేసిన మనిషి రెండు పనులు చేశాడు. సొంత నమూనాలు వేయించుకోవడం మొదలెట్టాడు. సరుకు కోసం పరాయి దేశాలు తిరగడం మొదలెట్టాడు.

నమూనాలు వేసే కుర్రవాడొకడు, గిల్లిస్ లుండ్‌గ్రెన్ అని, 1950ల నడుమ ఒకనాడు ఒక బల్లను కారులో పెట్టబోతే పట్టలేదు. కాళ్లు అడ్డం. కాళ్లు ఊడదీసి పక్కన పెట్టాడు, పట్టింది. అక్కణ్ణించి విడి ముక్కలుగా, పల్చటి అట్టపెట్టెలో అమ్మడమనే పద్ధతి ఆ కంపెనీకి ఊపిరి అయింది. వందేళ్ల కింద తోనెట్ హోటళ్లవాళ్ల చేత బిగింపించాడు. వీళ్లు గృహస్థు చేతనే బిగింపించారు. స్టాక్‌హోమ్‌లో 1965లో పెద్ద దుకాణం తెరిస్తే జనం విరగబడ్డారు. పనివాళ్లు సరుకు అందించలేక గోదాము తలుపులు తెరిచి మీరే తెచ్చుకోండన్నారు. అవస్థలో చేసిన ఆ పని తర్వాత వ్యాపార ధర్మమై కూచుంది. కూలీ, బండి, బిగింపు, మూడూ కొనేవాడి నెత్తికెక్కాయి. ఎక్కినందుకు ధర తగ్గింది. కొనేవాడు సంతోషించాడు.

సరుకు కోసం తిరగడం సంగతి ఇంకా ముఖ్యం. 1961లో కాంప్రాద్ పోలండు వెళ్లాడు. యూరప్ రెండుగా చీలి ఉన్న రోజులవి. అక్కడ సర్కారు కార్ఖానాలు, చవక కూలీ, కావలసినంత కలప. స్వీడన్‌లో వెలివేసినవాడికి పోలండు పుట్టిల్లయింది. అక్కడ చేయించిన తొలి సరుకుల్లో 'ఓగ్లా' అనే కుర్చీ ఒకటి. వంచిన కర్ర కుర్చీ, అచ్చంగా పద్నాలుగో నంబరు పోలికే. అది తయారైన ఊరు రదొమ్‌స్కో. గుర్తుంచుకోమన్నానే, ఆ ఊరే. తోనెట్ కొడుకులు కట్టిన కార్ఖానాలోనే కాంప్రాద్ కుర్చీ పుట్టింది. ఇద్దరు వ్యాపారులు ఒకరినొకరు చూసుకోలేదు. అడివీ, ఆవిరీ, ఆ ఊరి కూలీల చేతులూ వాళ్లిద్దరినీ కలిపాయి.

ఆ తర్వాత ఎదుగుదల మీకు తెలిసిందే. ఆ కంపెనీవాళ్లు వస్తువు చేసి ధర కట్టరు. ధర ముందు రాసుకుని దానికి తగ్గ వస్తువు ఎట్లా చేయాలా అని ఆలోచిస్తారు. పెట్టెలో గాలి కనపడితే దొంగ కనపడ్డట్టే వాళ్లకి. చిన్న చిన్న మైనపు దీపాలు వంద ఒక సంచిలో కలగాపులగంగా పోసి అమ్మేవారు. వాటిని వరసలుగా పేర్చి కట్టడంతో చోటు కలిసొచ్చి, పంపాల్సిన బళ్లు తగ్గాయి. ఒక సోఫాను విడదీసి పెట్టెను సగానికి కుదించారు. అణా అణా కూడబెట్టే మా అమ్మమ్మకి ఈ సంగతి చెప్పి ఉంటే, "చూశావా, దొరలకి కూడా ఇప్పటికి తెలిసింది" అని ఉండేది.

కాని ఒక మాట అడగాలి. తగ్గిన ధర ఎక్కడికి పోయింది? ఆవిరైపోదు కదా. నా మటుకు నాకు ఖర్చు అనేది ఎప్పుడూ మాయం కాదనిపిస్తుంది, ఒకరి దగ్గర్నించి ఒకరి దగ్గరికి జరుగుతుంది. కొంత కొనేవాడి మోకాళ్ల మీదికి జరిగింది, పెట్టె విప్పి నేల మీద కూచుని బిగించుకోవాలి గనక. కొంత అడివి మీదికి జరిగింది. కొంత ఎక్కడికి జరిగిందో చెప్పడం కష్టంగా ఉంటుంది. 1970ల్లో, 80ల్లో తూర్పు జర్మనీలో తయారైన సామానులో కొంత అక్కడి జైళ్లలో ఉన్న రాజకీయ ఖైదీల చేత బలవంతంగా చేయించిందని తర్వాత బయటపడింది. 2012లో కంపెనీయే విచారణ చేయించి, నిజమేనని ఒప్పుకుని విచారం తెలిపింది. 2024లో, ఆనాటి బాధితుల సహాయనిధికి 60 లక్షల యూరోలు ఇస్తామని మాట ఇచ్చింది. ఒప్పుకోవడం మంచిదే. కాని ఆ రోజుల్లో ఆ బల్ల ముందు కూచుని కాఫీ తాగినవాడికి దాని కాలు ఎవరు బిగించారో తెలిసే దారి లేదు. మన ఊరి వడ్రంగి అరుగు మీద కూచుని పని చేసేవాడు. ఆయన తిన్నాడో లేదో మనకి కనపడేది. దూరం పెరిగే కొద్దీ సరుకు కళ్లెదుటికి వస్తుంది, మనిషి కళ్లకు దూరమవుతాడు.

2018 జనవరిలో కాంప్రాద్ తొంభై ఒకటో ఏట పోయాడు. అదే ఏడు ఆగస్టు 9న ఆయన కంపెనీ మన దేశంలో తొలి దుకాణం హైదరాబాదులో, హైటెక్ సిటీ దగ్గర తెరిచింది. పదమూడెకరాల చోటు, నాలుగు లక్షల చదరపుటడుగుల కొట్టు, వెయ్యిమంది కూచునే హోటలు, అందులో సమోసా, బిర్యానీ. మొదటిరోజు జనం తిరణాలకి వచ్చినట్టు వచ్చారు. ఒంటి పేరుతో అమ్మే విదేశీ దుకాణాలకు నూటికి నూరుపాళ్లూ పెట్టుబడి పెట్టుకోవచ్చని మన ప్రభుత్వం 2012లో అనుమతిస్తూ, సరుకులో ముప్ఫై శాతం విలువ ఇక్కడే కొనాలని నిబంధన పెట్టింది. నిజానికి వాళ్లు ఇక్కడ కొనడం కొత్త కాదు. బట్టలు, తివాచీలు దశాబ్దాల నుంచి మన దేశంలో చేయించుకుని పట్టుకెళ్తూనే ఉన్నారు. మనవాళ్ల చేతిపని ముందు వాళ్ల దేశం వెళ్లింది, వాళ్ల కొట్టు తర్వాత మన ఊరు వచ్చింది.

ఇక్కడికొచ్చాక వాళ్లకొక కొత్త సంగతి ఎదురైంది. యూరప్ గృహస్థు పెట్టె విప్పి తానే బిగించుకుంటాడు. మన గృహస్థు పెట్టె విప్పి, "ఎవరినైనా పిలవండి" అంటాడు. చివరికి బిగించే మనుషుల్ని ఇంటికి పంపే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. మా మేనల్లుడి ఇంట్లో పుస్తకాల బీరువా బిగించడానికి ఒకతను మోటార్ సైకిలు మీద వచ్చాడు. చేతిలో బాటరీ బరమా. ముప్పావుగంటలో పని ముగించాడు. కాఫీ ఇస్తూ మాటల్లో దింపితే చెప్పాడు: తాతలనాటి నుంచి వడ్రంగమేనట. తాత తలుపులు చెక్కేవాడట, తండ్రి మంచాలు చేసేవాడట. "నాకూ వచ్చండి పని. కాని చేయించుకునేవాళ్లేరండీ? ఇది బిగింపే గాని పని కాదు కదండీ" అన్నాడు. ఆ మాటలో ఏడుపు లేదు. సరుకు బిల్లు చదివినట్టు చదివాడు. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అయితే తోనెట్ని తిట్టాలా, కాంప్రాద్‌ని తిట్టాలా? నాకు నోరు రాదు. తోనెట్ లేకపోతే మామూలు మనిషికి వీపు ఆన్చుకునే కుర్చీ మరి కొంతకాలం దొరకకపోయేది. కూచోవడం పెద్దవాళ్లది, నిలబడటం చిన్నవాళ్లది అనే రోజుల్లో ఆయన కుర్చీ వెల మామూలువాడికి అందింది. కాంప్రాద్ చేసిందీ అదే. అద్దె కొంపలో కాపురం పెట్టిన కొత్త జంటకి నెల జీతంలో బల్ల కొనుక్కునే వీలు కలగడం చిన్న విషయం కాదు. టేకు బీరువా వైభవం గురించి నేను మాట్లాడొచ్చు. అది మా తాతగారికి ఉంది. ఆ బీరువా చేసిన వడ్రంగి ఇంట్లో ఏ బీరువా ఉందో?

అయినా ఇద్దరికీ ఒక తేడా ఉంది. అది నేను ఎప్పుడూ మరిచిపోను. తోనెట్ జిగురుతో మొదలెట్టి, తడి దేశాల్లో అది నిలవదని తెలుసుకుని, నిండు కర్రకి వచ్చాడు. నేటి వ్యాపారం నిండు కర్రతో మొదలై చాలామటుకు రంపపు పొట్టూ జిగురూ అదిమి చేసిన పలకల దగ్గరికి వచ్చింది. ఒక్క కంపెనీ అనేమిటి, ఊరూరా అన్ని దుకాణాల్లోనూ అదే సరుకు. తేలిక, చవక, నునుపు. కాని మన కోస్తాలో శ్రావణమాసపు ముసురు నాలుగు రోజులు పట్టిందంటే, నేల తుడిచిన తడి అంచుకి పట్టిందంటే, ఆ పలక నానిన మరమరాల్లా పొంగుతుంది. స్క్రూ ఒకసారి ఊడితే ఆ బెజ్జంలో మళ్లీ పట్టదు. పద్నాలుగో నంబరు కుర్చీ వదులైతే స్క్రూ బిగిస్తే చాలు. పేము తెగితే మళ్లీ అల్లించొచ్చు. నూరేళ్లు దాటిన కుర్చీలు ఇంకా మనుషుల్ని మోస్తూనే ఉన్నాయి. బిస్త్రిత్సేలో ఆ కార్ఖానా, పేరు మారినా, నేటికీ ఆ కుర్చీ చేస్తూనే ఉంది.

విడదీయగలగడం ప్రయాణానికి మంచిది. మళ్లీ కలపగలగడం బతకడానికి మంచిది. మొదటిది వర్తకుడికి లాభం, రెండోది మనకి. మొదటిదాని గురించి వర్తకుడు పగలూ రాత్రీ ఆలోచిస్తూనే ఉంటాడు. రెండోదాని గురించి ఆలోచించాల్సింది మనమే.

అంచేత కుర్చీ కొనడానికి వెళ్లినప్పుడు కూచుని చూడటంతో సరిపెట్టకండి. సిగ్గుపడకుండా దాన్ని తలకిందులు చేయండి. కాలు దేనికి పట్టి ఉందో, స్క్రూ కర్రలోకి దిగిందో పొట్టులోకి దిగిందో వేలు పెట్టి తడిమి చూడండి. కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. ఆ పక్కనే ఎక్కడో వడ్రంగం తెలిసిన కుర్రవాడు బరమా పట్టుకుని నిలబడి ఉంటాడు. అతన్ని పిలిచి, "బాబూ, ఇది ఊగితే నువ్వు మళ్లీ బాగుచేయగలవా?" అని అడగండి. అతను చెప్పే జవాబును బట్టి డబ్బు తీయండి.